మలుపులో కాపలా

“యాడికి పోయింటివి పాపా? ఇంతసేపు అయ్యె.”

వీధి మలుపులో, మూతపడిన పిండి మిషను మెట్ల మీద కూర్చున్న పెద్దావిడ ఆ సాయంత్రం కూడా అదే అడిగింది.

ధన్యకు ఒళ్లు మండింది.

“నీకు యాలమ్మా? మా అమ్మానాయనే నన్ను ఇన్ని అడగరు.”

“అట్ల కాదమ్మా. నీ వెనక ఇంగా ఎవురన్నా వస్తా ఉండారా?”

“వస్తే? వాళ్ల ఊళ్లకు ఫోన్ చేసి చెప్తావా?”

ఆవిడ ధన్యను దాటి వీధి చివరికి చూస్తూ ఉండిపోయింది.

రాబర్ట్‌సన్‌పేటలో కాలేజీ వెనక గోడను ఆనుకుని ఉన్న పాత వీధి అది. బంగారు గనులు నడిచిన రోజుల్లో కట్టిన ఇళ్లు. ఇప్పుడు ముందు గదుల్లో ఇంటివాళ్లు, వెనక గదుల్లో చదువుకునే ఆడపిల్లలు.

ధన్య గౌనిపల్లి నుంచి వచ్చింది. ఊరు దాటి చదవనివ్వం అని పెదనాన్నలు అడ్డం పడితే, అన్నం మానేసి పంతం నెగ్గించుకుంది. ఇక్కడ కూడా ఒకరు దారిలో కూర్చుని రాకపోకలు అడుగుతుంటే ఆమెకు సహించలేదు.

నిజానికి ఆ పెద్దావిడ ఆ వీధి మనిషి కాదు. కాలేజీ వదిలే వేళకు ఎక్కడినుంచో వచ్చేది. ఆఖరి పిల్ల ఇంట్లోకి వెళ్లేదాకా కూర్చుని, చీర దులుపుకుని వెళ్లిపోయేది.

“పోనీలే, పెద్దామె” అంది గదిలో తోడుండే చైత్ర.

“ఈ పొద్దు యాడికి పోతివి అంటాది. రేపు చున్నీ సరిగ్గా వేసుకో అంటాది. ఆమీట నవ్వొద్దంటాది. మా ఊరి నిండా ఇట్లాంటోళ్లే. నేను ఊరుకోను.”

ఊరుకోలేదు కూడా. మర్నాడు వీధిలోని అమ్మాయిలందరినీ వెంటేసుకుని పురుషోత్తమ్ దగ్గరికి వెళ్లింది. ధాన్యం కొట్టు నడిపే పురుషోత్తమ్‌దే ఆ మిషను, ధన్య వాళ్ల గది కూడా.

ఆయన వచ్చి పెద్దావిడ ముందు నిలబడ్డాడు.

“పిల్లోళ్లకు ఇబ్బందిగా ఉండాదంట. ఇంగ ఇక్కడ కూర్చోవద్దమ్మా.”

ఆవిడ లేచి ధన్య వైపు చూసింది.

“నేను కూర్చుంటే మీకు కష్టంగా ఉండాదా పాపా?”

“ఉండాది. మాకు కాపలా కాయను నువ్వెవరు?”

ఆవిడ ఏదో చెప్పబోయింది. వీధి చివరికి ఒకసారి చూసి ఆగిపోయింది.

“సరేమ్మా. ఒంటిగా మాత్రం రావద్దండి.”

ఆ ఒక్క మాట అని, బస్‌స్టాండు వైపు నడిచింది. ఆవిడ పేరేమిటని ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం ధన్య మెట్ల ముందు నుంచి తల ఎత్తుకుని నడిచింది.

వారం తిరగకుండానే, లైబ్రరీ నుంచి ఒంటరిగా వస్తున్న చైత్రకు ఆ మలుపులోనే ఒక బైకు అడ్డం వచ్చింది. హెల్మెట్ పెట్టుకున్నవాడు చెయ్యి పట్టుకుని లాగాడు. విదిలించుకోబోయి చైత్ర రాళ్ల మీద పడింది.

కేక విని ధన్య పరుగెత్తుకొచ్చేసరికి వాడు బండి తిప్పుతున్నాడు. పట్టుకోబోతే తోసేసి పోయాడు. కానీ పోతున్న బండి నంబరును ధన్య ఫోన్‌లో ఫోటో తీసేసింది.

చైత్ర మణికట్టు విరిగింది.

“కేసు గీసు వద్దు పాపా” అన్నాడు పురుషోత్తమ్. “ఆడపిల్ల పేరు బయటికొస్తాది.”

“బయటికి రావాల్సింది వాని పేరు సార్.”

చైత్ర కట్టు కట్టిన చేత్తోనే లేచింది. ఇద్దరూ స్టేషన్‌కి వెళ్లారు.

రెండో రోజు ఆ బండివాణ్ని పిలిపించారు. ముప్పై ఏళ్లవాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి.

“ఆ సాయంత్రం నేను ఇల్లు కదల్లేదు మేడం. బండి ఎవురెవురో అడిగి తీసుకుపోతా ఉంటారు” అన్నాడు, నదురూ బెదురూ లేకుండా.

ఎస్సై చైత్రను అడిగింది. “మొగం చూసినావా?”

“హెల్మెట్ ఉండె మేడం.”

“చూసినోళ్లు ఇంకెవరన్నా?”

చైత్ర లేరన్నట్టు తల అడ్డంగా ఊపింది. వాడు ధన్యను చూసి నవ్వాడు.

“నవ్వుకో. కోర్టు దాకా వచ్చేది నేనే” అంది ధన్య.

అప్పుడే గుమ్మంలో పిండి మిషను మెట్ల పెద్దావిడ కనిపించింది. ఎండలో నడిచి వచ్చినట్టుంది, ముఖమంతా చెమట. తాను తరిమేసిన మనిషి ఇక్కడికి ఎందుకొచ్చిందో ధన్యకు అర్థం కాలేదు.

ఆవిడ ముందు చైత్ర దగ్గరికి వెళ్లి, కట్టు మీద మెల్లగా చెయ్యి పెట్టింది.

“నొస్తా ఉండాదా తల్లీ?”

తర్వాత ఎస్సై వైపు తిరిగింది.

“వాడు అబద్ధం చెప్తా ఉండాడు మేడం. ఆ పొద్దు ఇంట్లో లేడు. ఆ వీధిలో పిల్లోళ్ల మీద వాని కన్ను ఎప్పుట్నుంచో ఉండాది. నేను మెట్ల మీద కూర్చోనుంటే మలుపు దాకా వచ్చి, నన్ను చూసి తిరుక్కోని పోతా ఉండె.”

వాడి నవ్వు పోయింది. తల వంచుకున్నాడు.

ధన్య ఆవిడ దగ్గరికి వచ్చింది. “మాతో ఒక్క మాట చెప్పింటే…”

“నోరు రాలేదు పాపా. సిగ్గయింది.”

ఎస్సై పెన్ను అందుకుంది. “ఇదంతా కోర్టులో చెప్తావామ్మా?”

“యాడైనా చెప్తా.”

“పేరు?”

“సొన్నమ్మ. ఊరు బేతమంగళ.”

“ఇతను నీకు ఎట్ల తెలుసు?”

సొన్నమ్మ వాడి ఎదురుగా వెళ్లి నిలబడి, వాడి ముఖంలోకి సూటిగా చూస్తూ చెప్పింది.

“వీన్ని కన్నదాన్ని మేడం, రాసుకోండి.”