చప్పట్లు

బెంగళూరు కాలేజీలో సోషియాలజీ చెప్పే నీరజ బోర్డు మీద ఆనాటి ప్రశ్న రాసింది: "ముద్ర వేసేదెవరు?"

"ఫలానావాడు గంజాయివాడని పదిమందీ ముద్ర వేస్తే, మానేసినవాడు కూడా మళ్ళీ అటే పోతాడు," అంది.

అప్పుడే నగర్తపేట తెలుగు కుర్రాడు యతీశ్ చాన్నాళ్ళకి క్లాసులోకి వచ్చి కూర్చున్నాడు. నీరజ కళ్ళు చెమర్చాయి.

"మన యతీశ్ గంజాయి మానేసి, డీఅడిక్షన్ సెంటర్ నుంచి వచ్చాడు. మనం ఏ ముద్రా వెయ్యం. అందరూ చప్పట్లు కొట్టండి!"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే నీరజే చప్పట్లు మొదలుపెట్టింది. తరువాత క్లాసంతా మోగిపోయింది. చప్పట్లు ఆగాక, అతని పక్కనున్న అమ్మాయి బల్లమీది బ్యాగును ఒళ్ళోకి లాక్కుంది.

గంట కొట్టాక యతీశ్ నీరజ దగ్గరికొచ్చి, మిగతావాళ్ళకు అర్థం కాకుండా తెలుగులో మెల్లగా చెప్పాడు.

"వీళ్ళంతా నాకు కామెర్లొచ్చి, పసరు మందుకని ఊరికి పోయినానని అనుకొని ఉండిరి మేడం. మా అమ్మ మీకు తప్ప అందరికీ అట్లే చెప్పింది."

నీరజ కుర్చీలో కూర్చుండిపోయింది.

"పోనీండి మేడం. మీరు నా మంచికే కదా చెప్పింది," అని తనే ఆమెకు ధైర్యం చెప్పి వెళ్ళిపోయాడు.

బోర్డు మీద ప్రశ్న అలాగే ఉంది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టిన చేత్తోనే నీరజ దాన్ని తుడిచేసింది.