తొమ్మిది తోకచుక్కలు

ఆ ఉదయం కాగితాల తాతయ్య చేతిలో ఉన్న సరుకు ఇంతే: చెమ్మ పట్టి అమ్ముడుపోని రంగు కాగితాల కట్ట ఒకటి, ఎనిమిది చిన్న కత్తెరలు, గిన్నెడు జిగురు, ఇల్లు పీకి పందిరేస్తున్న ఏడుగురు పిల్లలు. తలా ఒకటి పంచాక కత్తెర ఒకటి మిగిలింది. దాన్ని సొరుగులో పడేసి, ఇక కానివ్వండర్రా అన్నాడు.

ఏటా ఏడాది చివరి సెలవులు దగ్గరపడగానే ఆయన దుకాణం వెనకగదిలో పిల్లలు చేరి, వీధంతా కట్టడానికి కాగితం నక్షత్రాలు చేయడం అలవాటు. ఆరు మడతలు, ఆరు కొనలు. నిరుటి దాకా ఎనిమిదో కత్తెర ఆయన మనవరాలిది. ఆ పిల్ల ఆరో కొనను కావాలని పొడుగ్గా కత్తిరించేది. ఇది తోకచుక్క తాతయ్యా అనేది. కాగితం దండగ చేస్తున్నావని ఆయన కసిరేవాడు. మొన్న వానాకాలంలో నాలుగు రోజుల జ్వరానికి పోయింది.

ఈ ఏడు ఈ గోల వద్దనుకున్నవాడే. కానీ మేడ మీద కోడలుంది, ఆ పిల్ల తల్లి. ఆరోజు నుంచి మెట్లు దిగలేదు. ఆయన పళ్లెం పట్టుకెళితే రెండు ముద్దలు కెలికి గోడవైపు తిరిగేది. మనిషి రోజురోజుకీ తరిగిపోతోంది. పోయినదాన్ని ఎలాగూ తేలేడు. ఉన్నదాన్ని కూడా పోగొట్టుకునే బేరం ఆయనకు నచ్చలేదు. పిల్లల అల్లరైనా మెట్లెక్కుతుందేమోనని గది తలుపులు తెరిచాడు.

కిటికీ పక్కన ఎనిమిదో పీట ఖాళీగా ఉంది. పిల్లలు మోచేతులతో పొడుచుకుంటూ ఇరుక్కుని కూర్చున్నారే కానీ అటు జరగలేదు. సోడాబుడ్డి అద్దాల పిల్లను అక్కడ కూర్చోమన్నాడు.

"అది ఒప్పుకోదు తాతయ్యా" అంది ఆ పిల్ల, కత్తెర మీంచి చూపు తిప్పకుండా.

ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం పిల్లల్ని పంపేసి గదికి తాళం వేశాడు. తాళంచెవులు రెండు. ఒకటి ఆయన మొలకు, రెండోది కోడలి గదిలో మేకుకు. కొడుకు సరుకు కోసం ఊరెళ్లాడు, పదిరోజుల దాకా రాడు.

మర్నాడు తలుపు తీస్తే ఎనిమిదో పీట మీద ఎర్ర నక్షత్రం ఉంది. ఆరో కొన పొడుగు. ముట్టుకుంటే జిగురు వేలికి అంటింది.

 తాతయ్య ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి బుర్ర పనిచేసింది. తను వచ్చేసరికి వేసిన తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి ఉన్నది ఇద్దరికి. అందులో ఒకరు తను. మరి రెండోవారు? అయిదు నెలల తర్వాత కోడలు మెట్లు దిగిందన్నమాట. ఆయన కళ్లొత్తుకున్నాడు.

ఆ సంగతి ఆమె దగ్గర ఎత్తలేదు. భయంభయంగా గడప తొక్కిన మనిషిని ఏం కావాలని మీద పడితే వెనక్కి పోతుందని నలభై ఏళ్ల దుకాణం నేర్పింది. ఆ నక్షత్రాన్ని మేడమెట్ల దగ్గర, పైనుంచి కనబడేలా కట్టాడు. అందింది అని చెప్పడం అన్నమాట. ఆ సాయంత్రం ఎనిమిదో కత్తెరను, ఒక మంచి ఎర్ర కాగితాన్ని పీట మీద పెట్టి మరీ తాళం వేశాడు.

అప్పటినుంచి రోజుకొకటి. ప్రతిదాన్నీ ఆ మెట్ల పక్కనే కట్టేవాడు. తెల్లవారుజామున మంచం మీద ఉండగానే వెనకగదిలోంచి కరకరమని కత్తెర చప్పుడు వినిపించేది. దగ్గు వస్తే దుప్పటి నోట కుక్కుకునేవాడు. ఒకసారి పక్కకు ఒత్తిగిలితే మంచం కిర్రుమంది. వెంటనే కత్తెర ఆగింది. అవతల ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టు అనిపించింది. మళ్లీ మొదలయ్యేదాకా ఆయన కదల్లేదు. పొద్దున చూస్తే నక్షత్రం మడతలు మరీ సన్నగా, పిల్ల వేళ్లు పట్టేంత ఉన్నాయి. తల్లి వేళ్లూ సన్ననివేగా అనుకున్నాడు.

నాలుగో రోజు కోడలు పళ్లెం ఖాళీ చేసింది. ఆరో రోజు మారు వడ్డించమంది. ఏడో రోజు మేడ మీద కిటికీ తెరుచుకుని, కత్తెర పట్టుకుని పరిగెత్తేది ఎవరర్రా అని కేక వినిపించింది. అంత తియ్యటి తిట్టు తాతయ్య ఎప్పుడూ వినలేదు.

తొమ్మిదో రోజు పొద్దెక్కాక తల దువ్వుకుని, చీర మార్చుకుని, మెట్లు దిగింది. దిగుతూ ఒక్కో నక్షత్రాన్నీ వేలితో తాకింది. కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ తాతయ్య మనసులోనే లెక్క చూసుకున్నాడు. పోయినవి తొమ్మిది కాగితాలు. వచ్చింది ఇంటికి ప్రాణం.

"మిమ్మల్ని చాలా తిట్టుకున్నాను మామయ్యా" అంది. "పిల్ల పోయినా కాగితాలే లెక్కపెట్టుకునే మనిషని."

"తిట్టమ్మా. అందుకైనా నోరు విప్పావు."

ఆమె చివరి నక్షత్రం తోకను నిమిరింది.

"తెల్లారగట్ల కత్తెర చప్పుడు నాకు వినపడుతూనే ఉంది. కిందికి రాలేదు. మీరు ఏడుస్తున్నారేమో, చూస్తే చిన్నబుచ్చుకుంటారేమోనని. ఆ చప్పుడు వింటూ పడుకుంటే ఇంకా బతకొచ్చు అనిపించేది."

తాతయ్య నిచ్చెనను గట్టిగా పట్టుకున్నాడు. వెనకగదికి వేసిన తాళం అలాగే ఉంది. ఇంకా తీయలేదు.

కోడలు ఆయన ముఖంలోకి చూసింది. తోక మీద ఆమె వేలు ఆగింది.

"చేసింది మీరేగా మామయ్యా?"

"నేనేనమ్మా" అన్నాడు తాతయ్య.