క్లెమ్ భుజం నొప్పి

బర్నీ అనే ఊళ్ళోని ప్రకృతి చికిత్సాలయంలో మర్దన చేసే గ్లెనిస్, ఆ మంగళవారం ముసలి క్లెమ్ భుజం మీద నుంచి చేతులు తీసేసింది.

"మీకు నొప్పి లేదు. చాలా నెలలుగా లేదు. ఇంట్లో ఒక్కరే ఉండలేక వస్తున్నారు కదూ? ఊరికే వచ్చి టీ తాగి వెళ్ళండి."

క్లెమ్ లేచి కూర్చుని చొక్కా తొడుక్కున్నాడు.

"మా ఆవిడ, మనవళ్ళు, రెండు కుక్కలు. ఒక్కడినే ఉండే యోగం నాకెక్కడిది, అమ్మాయ్?" అన్నాడు. "మీ ఆయన పోయాక నువ్వు మళ్ళీ పనిలోకొచ్చిన రోజు, నా భుజం పట్టుకుని అలాగే నిలబడిపోయావు. వదిలితే పడిపోయేలా ఉన్నావు. అందుకే రావడం మానలేకపోయాను."

ఆయన వెళ్ళాక గ్లెనిస్ తలుపు మూసి, మర్దన బల్ల మీద తనే బోర్లా పడుకుంది. దుప్పటి ఇంకా వెచ్చగా ఉంది.