ఐదో కాలు

పాత సామాన్ల బండి వాకిట్లో ఆగి ఉంది. బిల్కిస్ తన పెనిమిటి జలీల్ కుంచెలన్నీ గోనెసంచిలో వేస్తోంది. బోధన్‌లో ఫ్లెక్సీ మిషన్ వచ్చిన నాటి నుంచి, బోర్డులు రాసే జలీల్ గోడను చూస్తూ కూర్చుంటున్నాడు. పెడితే తింటాడు, పిలిస్తే పలకడు.

"జలీలూ, నా మేక తప్పిపోయింది. బొమ్మేసి బోర్డు రాయాలె," అన్నాను అతని పక్కన కూర్చుంటూ.

"ఫ్లెక్సీ కొట్టించుకో కాకా."

"ఫోటో లేదు. దానికి ఐదు కాళ్లు. సూస్తే జనం మొక్కుతరని ఇన్నొద్దులు దాచిపెట్టిన."

"నీకు మేకెక్కడిది కాకా?" అంది బిల్కిస్.

"తప్పిపోయినంక యాడుంటది బిడ్డా?"

జలీల్ నవ్వలేదు. బిల్కిస్ సంచి మూతి కట్టి ఎత్తుకుంది. ఇక లాభం లేదని నేనూ లేచాను.

"ఆగు కాకా," అన్నాడు జలీల్, గోడ మీంచి చూపు తిప్పకుండానే. "ఐదో కాలు ముందటనా, ఎనకనా?"

అరవై ఏళ్లుగా అబద్ధాలు చెబుతున్నాను. ఇంతవరకు ఎవరూ నన్ను ఇట్లా అడగలేదు.

"నడుమ అనుకుంట."

"నడుమైతే ఉరికేటప్పుడు మిగతా కాళ్లకు తట్టుకోదా?"

వేలితో నేల మీది దుమ్ములో గీశాడు. చెరిపాడు. మళ్లీ గీశాడు.

బిల్కిస్ సంచి కింద పెట్టి, వాకిలి దాకా వెళ్లి, "నువ్వు పో భయ్యా," అంది బండివాడితో.