నాలుక మీద వేలు

ఆ మనిషి వేలిని ఉమ్మితో తడిపి, నాలుక బయటపెట్టి, దాని మీద రాసుకున్నాడు.

ఏసేపు అది చూశాడు.

అది గుడి. బలిపీఠం పక్కన నిలబడి ఫాదర్ బైబిల్లోంచి సువిశేషం చదువుతున్నారు. ఆడవాళ్లు నెత్తిన కొంగులు కప్పుకుని, మగవాళ్లు చేతులు కట్టుకుని అటే చూస్తున్నారు. ఈ కొత్త మనిషి ఒక్కడే మగవాళ్ల వైపు స్తంభానికి ఆనుకుని, ఆడవాళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

వక్కాకు నమిలి ఎర్రబడ్డ పళ్లు. చెమటకు వీపున అంటుకుపోయిన చొక్కా. ఎర్రగుంట్లలో రైలు దిగి, గండికోట చూడబోతూ పూజకు ఆగాడని ఎవరో అన్నారు.

ఏసేపు అతని చూపు వెంట చూశాడు.

ఆ చూపు చివర సాహితి ఉంది. తన కూతురు.

సాహితికి పుట్టు చెవుడు. మాట రాదు. అరవలేదని తెలిసే కాబోలు, పోయినేడు బస్టాండులో ఒకడు ఆమెకు పాడు సైగలు చేశాడు. తల్లి లేని పిల్ల. అప్పటి నుంచి ఏసేపు ఆమెను ఒంటరిగా ఎక్కడికీ పంపలేదు.

ఏసేపు ఆ పల్లెకు ఉపదేశి. పిల్లలను కూర్చోబెట్టి జ్ఞానోపదేశం చెబుతాడు.

"దేవుణ్ణి మనం ఎట్ల తెలుసుకుంటాం?" అని అడుగుతాడు.

"సృష్టిని చూసి, దివ్య గ్రంథం విని, తిరుసభ పరంపరగా నేర్పేది నమ్మి!" అని పిల్లలు ఒక్క గొంతుతో అరుస్తారు.

వాక్యానికి ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకోకూడదని కూడా నేర్పుతాడు. ఆ పల్లెలో ఆ పాఠం రానిది సాహితికి ఒక్కదానికే. అక్షరాలు గుర్తుపడుతుంది గానీ గ్రంథంలో వాక్యం ఆమెకు అర్థం కాదు.

ఆ పొద్దున ఆమె గుడి వైపు వేలు చూపి, చెవి మీద తట్టి, తల అడ్డంగా ఊపింది. ఇక రానని.

"ఈ ఒక్క వారం రామ్మా," అని గడ్డం పట్టుకుని బతిమాలాడు. ఈ రోజు కూడా ఏమీ అందకపోతే ఆమె మళ్లీ గుడి మెట్లెక్కదని అతనికి తెలుసు. పూజ మొదలైనప్పటి నుంచి ఆమె మొహమే చూస్తున్నాడు. ఫాదర్ చదివిందొక్కటీ అతని చెవికెక్కలేదు.

ఆ మనిషి ఇప్పుడు రెండు చెవుల్లో వేళ్లు దూర్చుకున్నాడు. పైకి చూసి మూలిగినట్టు నిట్టూర్చాడు. పెదవులు వికారంగా సాగదీశాడు.

సాహితి నవ్వింది.

ఏసేపు ఒళ్లు మండిపోయింది. అందరూ కూర్చోగానే పోయి అతని కాలరు పట్టుకున్నాడు.

"ఏమప్పా, యాడ ఉండాననుకుంటాండావు?"

"నిదానం అన్నా. నేను చెప్పేది ఇను..."

"నాలిక బయటపెట్టి చెప్తాంటివి గదా, అంతా చూసినా! నడువు!"

గుడి పెద్ద రాయప్ప వచ్చి రెండో జబ్బ పట్టుకున్నాడు. ఫాదర్ ప్రసంగం ఆపి చూశారు.

"ఏం లేదు ఫాదర్. తాగినోడు," అన్నాడు రాయప్ప.

అతన్ని వసారాలోకి ఈడ్చారు.

"గంట కొట్టినా ఈ పాప లేయలేదన్నా. పక్కోళ్లను చూసి లేసె. అది చూసి..."

"అంటే వచ్చినప్పట్నుంచి మా బిడ్డనే చూస్తాండావన్నమాట!"

"మా ఇంటామె గూడ ఈ పాప మాదిరే..."

"పెండ్లాముండి గూడ ఇదేం రోగమప్పా నీకు?" అన్నాడు రాయప్ప.

"ఆమె పోయి శానా దినాలాయె."

"అందుకని మా ఆడపిల్లల మీద పడితివా? థూ!"

ఈ మాట అన్నది ఏసేపు. అన్నవాడు నిజంగానే ఉమ్మాడు. అది ఆ కొత్త మనిషి చొక్కా మీద పడింది.

అతను మెట్లు దిగాడు. ఆవరణలో మరియమాత గుహ దగ్గరి కొళాయి కింద చొక్కా కడుక్కున్నాడు. లోపల్నుంచి వచ్చిన ముసలి అరుళమ్మ, కింద పడ్డ అతని తువ్వాలు దులిపి చేతికిచ్చింది. ఆ పల్లెలో అతనికి దక్కిన మర్యాద అదొక్కటే.

సాహితి గేటు దాకా పరుగెత్తింది. ఏసేపు ఆమెను వెనక్కి లాగాడు. ఆ మనిషి ఎక్కిన ఆటో సిమెంటు లారీల దుమ్ములో కలిసిపోయింది.

ఇంటికి వచ్చాక సాహితి తండ్రికి ఎదురుగా నిలబడింది. చెవుల్లో వేళ్లు పెట్టుకుంది. వేలు తడిపి నాలుక మీద రాసుకుంది. పైకి చూసి నిట్టూర్చింది.

ఏసేపు చెయ్యెత్తాడు.

"ఛీ! ఆ రోత నువ్వు గూడ నేర్చుకుంటివా?"

ఆమె బెదరలేదు. చెవుల దగ్గర రెండు గుప్పిళ్లు విప్పి, గుడి వైపు చూపింది. బధిరుల బడిలో ఆమె చేతులతో మాట్లాడటం నేర్చుకుంది. పదిమందీ నవ్వుతారని ఏసేపే ఇంట్లో ఆ చేతులను కట్టడి చేశాడు. ఇప్పుడూ అదే చేశాడు. రెండు చేతులూ పట్టి కిందికి దించాడు.

సాయంత్రం కొవ్వొత్తి వెలిగించి, అలవాటుగా ఆనాటి సువిశేషం పైకి చదవడానికి గ్రంథం తెరిచాడు.

చెవిటివాణ్ణి ఒకణ్ణి యేసు దగ్గరికి తెచ్చారు. ప్రభువు అతణ్ణి జనంలోంచి పక్కకు తీసుకుపోయాడు. అతని చెవుల్లో వేళ్లు పెట్టాడు.

ఏసేపు చదవడం ఆపాడు.

తర్వాతి మాటలు చదవనక్కర్లేదు. ఉమ్మి, నాలుక మీద వేలు, పైకి చూపు, నిట్టూర్పు, తెరుచుకొమ్మన్న మాట. ఆ ఘట్టానికి అర్థం అతను ఎన్నోసార్లు పిల్లలకు చెప్పాడు.

సాహితి ఎదురుగా కూర్చుని, తర్వాత ఏమైందో చెప్పమన్నట్టు అతని చేతుల వైపు చూస్తోంది.

పుట్టి ఇన్నేళ్లకు తన కూతురికి దొరికిన మొట్టమొదటి ఉపదేశి మీద, ఆ పొద్దున, ఏసేపు ఉమ్మాడు.