జెముడు కింద తడి

పెన్నలో నీళ్లు పారి ఒక తరం దాటిపోయింది. అస్థికలు కలపడానికి ఏరు లేదు కాబట్టి, అనంతపురం వైపు ఇప్పుడు పోయినవాళ్ల బూడిద పాతిపెట్టి, దాని మీద ఒక జెముడు మొక్క నాటుతారు. ఆ మొక్కను పోయినవాళ్ల పేరుతోనే పిలుస్తారు.

మాదక్క రోజూ పొద్దున్నే కూతురు చెన్నమ్మ దగ్గరికి వస్తుంది. చుట్టుపక్కల జెముళ్లన్నీ ముళ్లు నిక్కబొడుచుకుని నిలబడ్డాయి. చెన్నమ్మ మాత్రం మొదలు మెత్తబడి, పసుపు తిరిగి, ఓ పక్కకి ఒరిగిపోయింది.

జెముడు వనం కాపలా చూసే ఓబులేసు మట్టిలో వేలు పెట్టి చూశాడు. వేలికి బురద అంటుకుంది. బురద చూసి ఎన్నాళ్లయిందో, నోరెళ్లబెట్టాడు.

"నీళ్లు పోస్తాండావా అక్కా?"

"నా వంతు నీళ్లే పోస్తాండా నాయనా. ఎవురివీ ముట్టలేదు." మాదక్క పెదాలు పగిలి ఉన్నాయి.

"ఇది ఎండకు బతుకుతాది, నీళ్లకు చస్తాది అక్కా. వేరు కుళ్లిపోతాంది. ఇంక చుక్క కూడా పోయొద్దు. నిలుస్తాదేమో చూద్దాం."

మాదక్క తలూపింది. అతను వెళ్లాక కొంగు చాటు నుంచి నిండు చెంబు తీసింది.

వడదెబ్బ కొట్టిన రోజు చెన్నమ్మ నీళ్లడిగింది. ఇంట్లో చుక్క లేదు. వంతు నీళ్ల బండి వచ్చేసరికి అడిగే పిల్ల లేదు.

మాదక్క చెంబు వంచబోయి ఆగింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, మొక్కకు దగ్గరగా జరిగింది.

"ఓర్చుకో తల్లీ," అంది, "బండి వస్తాంది."

ఆ రోజూ ఇదే మాట చెప్పింది.