డాన్‌కు భయం రావాలి

"కట్! ప్రిన్స్, నువ్వు డాన్‌వి. సుట్టూ కత్తులున్నయి. సావు కండ్ల ముందలున్నది. నీ ముఖంల భయమేది?"

అరిచి అరిచి డైరెక్టర్ రాఘవేందర్ గొంతు బొంగురుపోయింది. నిన్నటి నుంచి లెక్కేస్తే అది పదకొండో టేకు.

జల్‌పల్లి సందులో, మిట్టమధ్యాహ్నపు ఎండలో షూటింగు. చిన్న బడ్జెట్ సినిమా కాబట్టి డాన్‌ను కారులో కాక ఆటోలో దింపారు. కత్తులు అట్టవి. చెమటకు వాటి రంగు ఊడి రౌడీల అరచేతులు వెండిలా మెరుస్తున్నాయి. వాళ్లను చూస్తే ప్రిన్స్‌కు భయం బదులు నవ్వొస్తోంది.

"భయపడుతనే ఉన్న సార్," అన్నాడు.

"ఏం భయం! పెండ్లికొచ్చినోని లెక్కున్నవు. ఇదే ఆఖరు టేకు. గిది గూడ గిట్లనే చేస్తే నీ వేషం అరుణ్‌కుమార్‌కిస్త."

రౌడీల్లో ఒకడైన అరుణ్‌కుమార్ అప్పుడే జుట్టు దువ్వుకోవడం మొదలుపెట్టాడు. ప్రిన్స్ ప్రాణం ఉసూరుమంది. ఎయిర్‌పోర్టులో డ్యూటీకి సెలవు పెట్టి, ఇంట్లో మాత్రం డ్యూటీకే పోతున్నానని చెప్పి వచ్చాడు. పామును తలచుకున్నాడు. తన సూపర్‌వైజర్‌ను తలచుకున్నాడు. ఎంత తలచుకున్నా ఒంట్లో వణుకు పుట్టలేదు.

నెత్తిమీద విమానం మోత తగ్గేదాకా అందరూ ఆగారు.

"యాక్షన్!"

ప్రిన్స్ కత్తి పైకెత్తాడు. "ఈ జల్‌పల్లిల నన్ను కొట్టే మొగోడు ఇంకా పుట్టలే!"

"మొగోడెందుకురా? నేను సాలనా?"

ఆ గొంతు వినగానే అతని చేతిలోని కత్తి జారిపడింది. రౌడీలను తోసుకుంటూ, కూరగాయల సంచీతో వాళ్లమ్మ సరోజమ్మ వస్తోంది. వస్తూనే చెంప ఛెళ్లుమనిపించింది.

"డ్యూటీకి పోతున్న అని చెప్పి, నడి బజార్ల కత్తులు తిప్పుతున్నవారా?"

"అమ్మా, జర ఇను... గిది సినిమా అమ్మా..."

రెండో చెంప కూడా మోగింది. "ఆదివారం పాస్టరయ్యకు నా ముఖమెట్ల సూపియ్యాలెరా?"

ఆరడుగుల డాన్ గజగజ వణుకుతూ మోకాళ్ల మీద కూలబడ్డాడు. "తప్పయింది అమ్మా! ఇంకోపాలి అబద్ధం చెప్ప!" కళ్ల వెంట నీళ్లు బొటబొటా కారాయి.

"కట్! ఓకే!" రాఘవేందర్ కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. "గిదీ భయమంటే! వేషం నీదే పో, ప్రిన్స్!"

రౌడీలు కత్తులు చంకన పెట్టి చప్పట్లు కొట్టారు. ప్రిన్స్‌కు ఏమీ అర్థం కాలేదు. కందిన చెంపలు రెండు చేతులా పట్టుకుని అమ్మ వైపు బిక్కచచ్చి చూశాడు.

సరోజమ్మ కొంగుతో కొడుకు కళ్లు తుడిచింది. తర్వాత డైరెక్టర్ వైపు తిరిగి వినయంగా అడిగింది.

"నిన్న పొద్దుగూకి మీరు ఇంటికొచ్చి నేర్పిచ్చినట్టే కొట్టిన గద సారూ? లేకుంటే ఇంకోపాలి కొట్టాల్నా?"